పార్వతీపురం దారిలో ఇనప గుండు

ఇలా దగ్గరికి జరిగి కూర్చోండి. ఆ కిటికీ తలుపు కాస్త చేరవేయండి, గాలికి నా మాట ఎగిరిపోతుంది. మీలో ఎవరైనా రేపో ఎల్లుండో విజయనగరం మీదుగా పార్వతీపురం వెళ్ళేవాళ్ళుంటే ఇంకా ముందుకి రండి. ఎక్కడ బండి మారాలో, ఎక్కడ నీళ్ళు బాగుంటాయో కూడా ఇందులోనే చెబుతాను. నేను చదివింది మూడో తరగతి. కాని చూసిందీ విన్నదీ మర్చిపోయే అలవాటు మా ఇంటావంటా లేదు.

ఎనిమిదణాలు అనడం మానుకుని యాభై పైసలు అనడం నేర్చుకుంటున్న రోజులవి. ఏ స్టేషను గోడ మీద చూసినా ఎర్ర త్రికోణం బొమ్మ వేసి, పిల్లలు ఇద్దరో ముగ్గురో చాలని రాసేవారు. మా తమ్ముడు సత్యం అప్పుడు రైల్వేలో స్టేషను మాస్టరు. విజయనగరం నుంచి రాయగడ వెళ్ళే లైను మీద, గజపతినగరం దాటాక ఒక చిన్న స్టేషనులో పని. ఆ స్టేషను పేరు మాత్రం చెప్పను. ఎందుకో వింటే మీకే తెలుస్తుంది.

సత్యం భార్య రవణమ్మ. పార్వతీపురంలో బెల్లం వర్తకం చేసే గున్నయ్య మావ కూతురు. ఫాల్గుణమాసంలో రవణమ్మ తమ్ముడు సూర్నారాయణకి విజయనగరంలో పెళ్ళి కుదిరింది. పెళ్ళికొడుకుతో సహా మగపెళ్ళివారంతా పొద్దున్నే పార్వతీపురంలో బండెక్కారు. దారిలో సత్యం స్టేషనులో రవణమ్మ ఎక్కాలి. బండి వచ్చింది, రవణమ్మ ఎక్కింది, బండి మాత్రం కదల్లేదు. డ్రైవరు చేతికి ఇవ్వాల్సిన ఇనప గుండు ఏదో కనబడలేదట. అది లేకుండా బండి వదలనని సత్యం పట్టుపట్టాడు. గంటన్నర అలాగే గడిచింది. పగటి ముహూర్తం కాస్తా దాటిపోయింది. రాత్రికి మరో ముహూర్తం చూసి తాళి కట్టించారు గాని, పెళ్ళికొడుకు బావే బండి ఆపేశాడని ఆడపెళ్ళివారు విస్తళ్ళ దగ్గర కూడా నవ్వుకున్నారు.

పెళ్ళయ్యాక రవణమ్మ మొగుడి దగ్గరికి రాలేదు. పుట్టింటికి వెళ్ళిపోయింది. ఉగాది వెళ్ళింది, శ్రీరామనవమి వెళ్ళింది, మనిషి రాలేదు. ఎందుకు రాలేదురా అని కబురు పెడితే సత్యం బదులు చెప్పలేదు. అమ్మా నాన్నా లేని ఇంట్లో అప్పే, అంటే అక్కే, అమ్మ కదా. ఇక నేనే బయల్దేరాను.

మా ఇంటాయన ఎడ్లబండి కట్టి, తెల్లవారకుండా నన్ను ఆమదాలవలస స్టేషనుకి తీసుకొచ్చాడు. దారంతా ఒకటే మాట.

"నువ్వెల్లి నాలుగు మాటలు సెప్పీసి ఆ రవణమ్మ గుంటని తోలుకురా. తగూ మాత్రం ఆడకు."

"నానేటి తగూ ఆడతానా?"

"నీకు కాదు, నీ నోటికి సెప్తన్నాను."

ఆరు గంటల పాసింజరు ఎక్కాను. టిక్కెట్టు ఇక్కడే చివరిదాకా అడిగి తీసుకోండి, విజయనగరంలో మళ్ళీ వరసలో నిలబడే బాధ ఉండదు. ఆడవాళ్ళ పెట్టెలో సందు లేక మామూలు పెట్టెలోనే కూర్చున్నాను. వంతెన మీదకి రాగానే నాగావళి ఇసక తిన్నెల మధ్య సన్నగా మెరిసింది. పెట్టెలో వాళ్ళంతా చేతులు జోడించారు. పొందూరులో ఒక ముసలాయన ఖద్దరు మూటలతో ఎక్కి నా ఎదురుగా సర్దుకున్నాడు. చీపురుపల్లి దాటేసరికి ఆయన మనవల పేర్లూ, వాళ్ళకొచ్చిన జబ్బులూ అన్నీ నాకు తెలిసిపోయాయి.

నెల్లిమర్ల గోనెసంచుల మిల్లు గొట్టం వెనక్కి పోయింది. ఇంకాసేపట్లో విజయనగరం అనగా బండి పొలాల మధ్య ఆగిపోయింది. ముందర సిగ్నలు మాను చెయ్యి చాపుకుని నిలబడి ఉంది. అది వాలితే గాని బండి కదలదు. ఎండ కిటికీలోంచి ఒళ్ళోకి వచ్చేసింది.

"ఆ సెయ్యి వాల్సడానికి ఏటంత బద్దకం?" అన్నాడు ముసలాయన.

"ఆడి కాపీ సల్లారలేదు కావాల" అంది పక్కనున్న మామిడికాయల గంపావిడ.

అందరూ నవ్వారు, నేనూ నవ్వాను. అప్పటికి నా అభిప్రాయమూ అదే. ఆ రైలువాళ్ళకి జనం అవస్థ పట్టదు, మా సత్యం కూడా ఉద్యోగంలో చేరాక అలాగే తయారయ్యాడు అనుకున్నాను.

విజయనగరంలో దిగేసరికి తొమ్మిది దాటింది. రాయగడ వైపు బండికి మధ్యాహ్నం దాకా ఆగాలి. స్టేషను బయటి హోటళ్ళలో ఇడ్లీ బాగుంటుంది, చట్నీలో మాత్రం నీళ్ళే ఎక్కువ. నేను ఇంటినుంచి చద్దన్నం, ఆవకాయ తెచ్చుకున్నాను. ప్లాట్‌ఫారం చివర కొళాయి నీళ్ళు చల్లగా ఉంటాయి. కూజా అక్కడే నింపుకోండి, ముందు ముందు దొరకవు.

రెండో బండి చిన్నది, నెమ్మదైనది. మీరు ఎప్పుడైనా ఎక్కితే ఎడం చేతి వైపు కూర్చోండి, కొండలు మీతోపాటే వస్తాయి. గజపతినగరంలో సంత మనుషులు గుమ్మడికాయలతో, కోళ్ళతో తోసుకుంటూ ఎక్కారు. ఒకావిడ జీడిమామిడి పళ్ళ గంప నా కాళ్ళ మీదే పెట్టి, నొప్పి పుడుతోందా అని అడగకుండా ఒక పండు చేతిలో పెట్టింది. స్టేషను దాటుతుండగా ఒక పోర్టరు బెత్తపు చక్రం లాంటిదాన్ని ఇంజనులోకి అందించాడు. జల్లెడకి చుట్టూ బద్ద ఉంటుందే, అలాంటి చక్రం. దాని అడుగున చిన్న తోలుసంచి వేలాడుతోంది.

"ఏటమ్మా అది?" అంది గంపావిడ.

"నాకేటి తెలుసు? జల్లెడ ఊడిపోయినట్టున్నాది" అన్నాను.

మూడు గంటల వేళకి సత్యం స్టేషనులో దిగాను. ఒక గది, ఒక వరండా, ఎదురుగా కంకర పరిచిన ప్లాట్‌ఫారం, వెనక తుప్పలు, ఆ వెనక వీళ్ళుండే క్వార్టరు. సత్యం చిక్కిపోయాడు. తనే వండుకుంటున్నాడు. పప్పు మాడబెట్టి, "మాడు వాసన బాగుంటుందప్పా" అని నాకే చెప్పాడు. రవణమ్మ ఊసు తెస్తే గిన్నెలోకి చూస్తాడు.

అక్కడి పోర్టరు ముత్యాలు. నాకు కాళ్ళకి నీళ్ళిస్తూ గుట్టుగా మాట కదిపాడు.

"అమ్మా, ఆ రోజు గుండున్న సెక్రం నానే తెచ్చినాను. రవణమ్మగారి ట్రంకుపెట్టి ఎత్తమంటే, సెక్రం ఇక్కడే, ఈ కంకర మీద పెట్టి ఎత్తినాను. తిరిగి సూస్తే నేదు. తుప్పల్లో దొరికిందన్నారు బాబు. ఇద్దరికీ పైవోలు సివాట్లు పెట్టినారు. సరే, తప్పు నాదే. గాని తుప్పల్లోకి ఎలగెల్లిందమ్మా? దానికేటి కాళ్ళొచ్చినాయా?"

ఆ మాట నా చెవిలో ఉండిపోయింది.

సాయంత్రం ఎండ వాలాక సత్యాన్ని నిలదీశాను. "కట్టుకున్నదాన్ని పోగొట్టుకునేంత గొప్పదేటిరా ఆ గుండు? సూపించు."

గదిలోకి తీసుకెళ్ళాడు. నా భుజం ఎత్తున్న ఎర్ర రంగు ఇనప పెట్టె. ముందు ఒక పిడి, పైన ఒక గంట. దానికి జత పెట్టె గజపతినగరం వైపు అవతలి స్టేషనులో ఉందట, రెండింటికీ మధ్య తీగ.

"అప్పా, ఆ స్టేషనుకీ మాకూ మధ్య ఒకటే పట్టా. అటునుంచి బండి, ఇటునుంచి బండి ఒకేసారి వదిలితే ఏటవుతాది?"

"గుద్దుకుంటాయి."

"అందుకే ఇది. రెండు పెట్టెల్లోనూ గుళ్ళు ఉంటాయి. ఒకదాంట్లోంచి ఒక గుండు బయటికి వచ్చిందంటే రెండు పెట్టెలూ నోరు మూసుకుంటాయి. ఆ గుండు తిరిగి ఏదో ఒక పెట్టెలో పడేదాకా రెండోది రాదు. గుండు చేతిలో ఉన్న డ్రైవరే పట్టా మీదకి వెళ్ళాల. ఒక గుండు, ఒక బండి. అంతే."

"నువ్వు మనిసివి కదా. నీకు తెలీదేటి, అటు బండి ఉన్నాదో నేదో?"

"మనిసి మర్సిపోతాడప్పా. నిద్రొస్తాది, జొరం వస్తాది, ఇంట్లో బాధ ఉంటాది. ఈ పెట్టెకి అవేవీ నేవు. నేను మర్సిపోయినా ఇది మర్సిపోదు."

ఆ మాట అని పెట్టె మీద దుమ్ము చేత్తో తుడిచాడు. వాడి ఇంట్లో బాధ ఏమిటో నాకు తెలుసు కదా.

"మరి ఆ రోజు?"

"ఆ రోజు అవతలి స్టేషన్లో గూడ్సుబండి ఎదురు చూస్తన్నాది. గుండు పోతే కాయితం రాసిచ్చే పద్ధతి ఉన్నాది గాని, ముందు అంతా ఎతికి, అవతలాయనతో మాటాడి, రెండు చివర్లా కట్టుదిట్టం చేసుకోవాల. అదీ మొదలెట్టాను. ఈలోగా దొరికింది. అందరూ అన్నట్టు, తెలిసినవాళ్ళే కదా అని ఊరికే బండి వదిలేశాననుకో. ఎనకాల ఆ గుండు ఎవరికో దొరికి, మంచికే అనుకుని తెచ్చి పెట్టెలో వేశారనుకో. పెట్టె లెక్కలో పట్టా కాళీ అయిపోయినట్టే. అవతలి పెట్టె నోరు తెరుస్తాది. అక్కడాయన గూడ్సుకి గుండిచ్చి వదుల్తాడు. పెల్లివారి బండేమో దారిలోనే ఉంటాది."

వాడు చెబుతుండగానే గంట మోగింది. పార్వతీపురం నుంచి వచ్చిన పాసింజరు ఒక పట్టా మీద ఆగి ఉంది. జనం కిటికీల్లోంచి తలలు పెట్టి, ఇంకా ఎంతసేపని గొణుగుతున్నారు. అంతలో గజపతినగరం వైపు నుంచి గూడ్సుబండి వచ్చింది. ఆగలేదు. ఇంజనులోంచి డ్రైవరు ఒక చక్రం కిందికి విసిరి, ముత్యాలు ఎత్తి పట్టిన చక్రాన్ని చేత్తో దోపుకుని పోయాడు. అది పార్వతీపురం వైపు పట్టాదట, దానికి వేరే జత పెట్టెలు ఉన్నాయట. నేల అదిరింది. ఆ గూడ్సు వచ్చిన పట్టా మీదకే ఈ పాసింజరు వెళ్ళాలి. సత్యం కొత్తగా వచ్చిన సంచిలోంచి గుండు తీసి పెట్టెలో వేశాడు. గంట కొట్టి, అవతలాయన ఒప్పుకున్నాక, మళ్ళీ ఒక గుండు తీశాడు. అప్పుడు గాని పాసింజరు కదల్లేదు. కిటికీల్లో గొణుగుతున్నవాళ్ళకి తాము దేనికోసం ఆగారో తెలియదు. పొద్దున్న సిగ్నలు దగ్గర నాకూ తెలియదు.

పడుకునే ముందు అడిగాను. "తుప్పల్లోకి ఎలా వెళ్ళిందిరా గుండు?"

"పోనీయప్పా" అన్నాడు. "అక్కడ ఎవరేటన్నా ఎదురు చెప్పకు. మా అత్తగారి ముందు గుండు ఊసే ఎత్తకు. రవణమ్మ వస్తే తీసుకురా, రానంటే బలవంతపెట్టకు."

మర్నాడు పొద్దున్న బండికి బయల్దేరాను. బొబ్బిలిలో బండి చాలాసేపు ఆగుతుంది, వేడి పాలు దొరుకుతాయి. సీతానగరం దాటాక కొండలు మరీ దగ్గరికి వచ్చేస్తాయి. పార్వతీపురం స్టేషనులో ఆ రోజుల్లో పోలీసులు ఎక్కువగా ఉండేవారు, ఏజెన్సీ ఊళ్ళలో గొడవలు కదా. దిగినవాళ్ళ మూటలు కర్రతో పొడిచి చూసేవారు. నా మూటలో మా చేను పెసలు తప్ప ఏమీ లేవు.

గున్నయ్య మావ ఇల్లు వెతకనక్కర్లేదు. బెల్లం వాసన పట్టుకుని వెళితే గుమ్మానికే చేరుస్తుంది. ముందు గది దుకాణం, వెనక ఇల్లు. రవణమ్మ చెంబుతో నీళ్ళు తెచ్చింది. దాని కళ్ళ కింద నల్లబడింది. మర్యాదలకేమీ లోటు చెయ్యలేదు. నర్సమ్మత్త, అంటే రవణమ్మ తల్లి, పీట వేసి, దగ్గరుండి వడ్డించింది. మాట మాత్రం ఆడలేదు. మాటలన్నీ గున్నయ్య మావే ఆడాడు.

"ఓలమ్మా, తెలక అడుగుతాను. నీ తమ్ముడికి ఆడకూతురి ఇంటి మర్యాద కన్నా ఇనప గుండు ఎక్కువా?"

సూర్నారాయణ అందుకున్నాడు. "మా అత్తోరింట్లో నాకేటి పేరెట్టినారో తెలుసా వదినా? పేసింజరు పెల్లికొడుకు! ఇప్పటికీ అదే పిలుపు."

నాకు నవ్వొచ్చింది, కోపమూ వచ్చింది. సత్యం చెప్పిన మాట గుర్తొచ్చి అన్నం కలుపుకున్నాను.

మధ్యాహ్నం పెరట్లో రవణమ్మ పక్కన చేరాను. "ఏటే, ఆడి మీద నీకింకా కోపం పోనేదా?"

"ఆయన మీద నాకు కోపవేటొదినా?" అంది. కళ్ళలో నీళ్ళు తిరిగాయి. "ఈ ఇంట్లో పొద్దున్న లేస్తే ఆయన్ని ఆడిపోసుకుంతన్నారు. అది తప్పని నాకు తెలుసు. తెలిసీ నోరు మూసుకుని, అక్కడికెల్లి ఆయన కంచంలో ఏ మొకం పెట్టుకుని తిననొదినా? ఇక్కడ ఆయన మాట నిలబడాల. అప్పుడెల్తాను."

"తెలిస్తే సెప్పేయవే మరి!"

"ఒట్టెయించుకున్నారు."

ఎవరని అడగబోయాను. వంటింట్లో అప్పటిదాకా దంపుతున్న రోకలి చప్పుడు ఆగిపోయింది. రవణమ్మ తల దించుకుని బట్టలు ఆరెయ్యడానికి వెళ్ళిపోయింది.

సాయంత్రం అరుగు మీద చాప వేశారు. మావ చుట్ట ముట్టించి మళ్ళీ గుండు దగ్గరికే వచ్చాడు. తెలిసినవాళ్ళ బండి, పట్టా మీద పురుగు కూడా లేదు, వదిలేస్తే ఏం పోయేది అన్నాడు. ఇక నా నోరు నా మాట వినలేదు.

"మావా, మీకు సేలున్నాయి కదా. రెండు సేల నడుమ ఒంటి గట్టు. అటునుంచి ఒకడు గడ్డిమోపుతో, ఇటునుంచి ఒకడు గడ్డిమోపుతో ఎక్కితే ఏటవుతాది? అందుకే కదా మనోలు గట్టెక్కే ముందు, 'ఓ, వస్తన్నా' అని కేకేస్తారు? కేక ఇన్నోడు అవతలే ఆగుతాడు. రైలుకి ఆ కేకే ఈ గుండు. ఒకటే కేక ఉంటాది, అది ఒక్కడి సేతిలోనే ఉంటాది."

అని, ఎర్ర పెట్టెల సంగతి, అవి నోరు మూసుకోవడం, ముందు రోజు నేను చూసిన గూడ్సు, అన్నీ చెప్పాను. అవతలి స్టేషనులో ఆ రోజు గూడ్సు నిలబడి ఉందని చెప్పాను. బండి ఊరికే వదిలేశాక ఆ గుండు ఎవరికైనా దొరికి, మంచికే అనుకుని పెట్టెలో వేసి ఉంటే ఏమయ్యేదో కూడా చెప్పాను.

గుమ్మంలోంచి నర్సమ్మత్త గొంతు వచ్చింది. "అయ్యా, ఇంక అల్లుడినేటీ అనకండి."

లోపలికి వెళ్ళి ఒక పెద్ద మట్టి బాన తెచ్చి అరుగు మీద పెట్టింది. అడుగు గుండ్రం కదా, అది పక్కకి ఒరిగిపోయింది. చేత్తో పట్టుకుంది.

"ఆ రోజు అరిసెల బాన ఇదే. రవణమ్మ ఒండిన అరిసెలు. దాన్ని ఎక్కించడానికి నాను దిగినాను. కంకర మీద ఇలాగే ఒరిగిపోతన్నాది. పక్కన బెత్తం సెక్రం కనపడినాది. బాన కింద పెట్టే కుదురేమో, ఎవరో మంచోలు పెట్టినారనుకుని దాని మీద పెట్టినాను. సంచి కిందకి మడిసి పెట్టినాను."

మావ చుట్ట నోట్లోంచి తీశాడు.

"అందరూ గుండు గుండు అంతంటే నానూ ఎతికినాను. తుప్పల్లో సెయ్యి పెట్టినాను, ముళ్ళు కూడా గుచ్చుకున్నాయి. గుండంటే గుండే కదా! అది సంచిలో ఉంటాదనీ, సంచి సెక్రానికుంటాదనీ నాకేటి తెలుసు? ఆకరికి అల్లుడే వొచ్చి బాన ఎత్తినాడు. కింద సెక్రం సూసినాడు, నాకేసి సూసినాడు. రవణమ్మ కూడా సూసినాది. ఒక్క మాట అన్నేదు. దాన్ని తువ్వాలులో సుట్టి, తుప్పల్లోకెల్లి, 'దొరికింది' అని అరిసినాడు."

"అప్పుడే ఏల సెప్పనేదే?" అన్నాడు మావ. అరవలేదు, మెల్లగానే అడిగాడు.

"మొదటి రోజు సిగ్గేసినాది. రెండో రోజు నుంచి బయవేసినాది. మీరు తిట్టే కొద్దీ బయం పెరిగినాది. రవణమ్మ సేత ఒట్టెయించుకున్నాను."

"మరిప్పుడేల సెప్పినావు?"

"ఇన్నారు కదా! బండి అలగే ఎల్లిపోతే బాన నాతో ఎల్తాది. సెక్రం ఆ కంకర మీదే ఉండిపోతాది. ఆ ముత్యాలు సూసి, అయ్యో ఇక్కడే ఉన్నాదని, తీసుకెల్లి పెట్టెలో ఏసేస్తాడు. ఎదురుగా ఆ గూడ్సు..." అని కొడుకు మొహం చూసింది. కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

సూర్నారాయణ బానని చేత్తో తట్టాడు. తర్వాత, "అంటే నన్ను పేసింజరు పెల్లికొడుకుని సేసింది నువ్వేనేటే అమ్మా?" అన్నాడు.

లోపలి గుమ్మం దగ్గర కిసుక్కుమంది. కొత్త కోడలు! ఆ పేరు పెట్టిన ఇంటి పిల్లే ముందు నవ్వింది. తర్వాత మావ నవ్వాడు. ఆ మీద నర్సమ్మత్త ఏడుస్తూనే నవ్వింది. నేను వెనక్కి తిరిగి చూస్తే రవణమ్మ అక్కడ లేదు. గదిలో ట్రంకుపెట్టె మూత పడిన చప్పుడు వినబడింది.

మర్నాడు పొద్దున్న బండికి ముగ్గురం బయల్దేరాం. నేను, రవణమ్మ, నర్సమ్మత్త. ఆవిడ తెల్లవారకుండా లేచి కొత్తగా అరిసెలు వండి అదే బాన నింపింది. చేతికి గాజులాగా ఎండుగడ్డితో చుట్టిన కుదురు ఒకటి వేసుకుంది. స్టేషనులో పోలీసాయన కర్ర ఎత్తి, ఏమిటందులో అన్నాడు.

"అరిసెలు బాబూ. కర్ర ఎట్టకు, బాన పగుల్తాది. సెయ్యి సాపు." ఆయన చెయ్యి చాపాడు, రెండు తిన్నాడు, దారి ఇచ్చాడు.

బండిలో నర్సమ్మత్త ఒక్కచోట కూర్చోలేదు. ప్రతి స్టేషనులోనూ కిటికీలోంచి సగం బయటికి వంగి ఇంజను వైపు చూస్తుంది. "సెక్రం ఇచ్చినాడా? ఇదిగో, ఇచ్చినాడు" అని గట్టిగా చెప్పి అప్పుడు కూర్చుంటుంది. బొబ్బిలిలో ఎక్కిన ఒకాయన ఉండబట్టలేక, "నువ్వేటమ్మా, గార్డువా?" అన్నాడు.

"గార్డు సూస్తాడో నేదో. నాను సూస్తాను" అంది.

సత్యం స్టేషను వచ్చింది. తెల్లబట్టల్లో ప్లాట్‌ఫారం మీద నిలబడి ఉన్నాడు. ముందు బాన కనబడింది, వెనక అత్తగారు, ఆ వెనక రవణమ్మ. డ్రైవరుకి ఇవ్వాల్సిన చక్రం అప్పటికి బల్ల మీద ఉంది. సత్యం ఒక్క అంగలో వెళ్ళి దాన్ని తీసి తన భుజానికి తగిలించుకున్నాడు.

నర్సమ్మత్త చూసింది. చేతినున్న గడ్డి కుదురు తీసి కంకర మీద వేసి, దాని మీద బాన నిలబెట్టింది.

"బయపడకు బాబూ. నా కుదురు నానే తెచ్చుకున్నాను."

సత్యం నవ్వాపుకోలేక మొహం తిప్పుకున్నాడు. ఆవిడ ముత్యాల్ని పిలిచి, "ఒరే బాబూ, ఆ సెక్రానికి కాళ్ళు రానేదురా. నానే దాని మీద బాన పెట్టినాను" అని చేతి నిండా అరిసెలు పెట్టింది. వాడు తినడం మర్చిపోయి, ఒకసారి బానని, ఒకసారి తుప్పల్ని చూశాడు.

రవణమ్మ దగ్గరికి వచ్చింది. "ఇంట్లో అందరికీ తెలిసిందండి" అంది.

సత్యం నా వైపు చూశాడు. నేను కిటికీలోంచి కొండల వైపు చూశాను.

"పప్పు మాడబెట్టాను" అన్నాడు రవణమ్మతో.

"వాసన ఇక్కడికే వస్తన్నాది" అంది అది.

నేను ఆ బండిలోనే ముందుకి రావాలి, దిగలేదు. సత్యం చక్రం తీసుకెళ్ళి తన చేత్తోనే డ్రైవరుకి ఇచ్చాడు. బండి కదిలింది. వంపు తిరిగేదాకా చూశాను. ముగ్గురూ బానని మధ్యలో పెట్టుకుని క్వార్టరు వైపు నడుస్తున్నారు.

విజయనగరంలో కూజా నింపుకుని, ఆమదాలవలస బండి ఎక్కాను. నెల్లిమర్ల ఇవతల మళ్ళీ పొలాల్లో ఆగింది. సిగ్నలు చెయ్యి చాపుకునే ఉంది. పెట్టెలో గొణుగుడు మొదలైంది. ఒకాయన, ఈ రైలువాళ్ళకి జనం అవస్థ పట్టదు అన్నాడు. అచ్చం నేను అనుకున్న మాటే.

"ఉండండి నాయనా. ఎవరో ముందున్నారేమో. వోల్లనీ క్షేమంగా ఎల్లనివ్వండి" అన్నాను.

దీపాలు పెట్టే వేళకి ఇంటాయన బండితో స్టేషను బయట ఉన్నాడు. "తగూ ఆడినావా?" అన్నాడు.

"నాను ఆడనేదు. నోరు ఆడినాది. మంచికే ఆడినాది" అన్నాను.

ఈ దారిలో నేను తెలుసుకున్నది ఇంతే. బండి నడిపే వాళ్ళ గొప్పతనం మనకి కనబడుతుంది గాని, బండి ఆపినవాడు ఎంతమందిని ఇంటికి చేర్చాడో ఎవరికీ కనబడదు. మీరు ఆ లైనులో వెళ్ళినప్పుడు ఒక చిన్న స్టేషనులో బండి ఎందుకో ఆగితే, విసుక్కోకుండా అరిసె ఒకటి తీసి తినండి.

ఇక లేవండి, పొద్దుపోయింది. మీ ఇంటినుంచి ప్రయాణమైనవాళ్ళు వెళ్ళిన దారినే చల్లగా తిరిగి రావాలి. మీ ఇంట్లో ఒకరి తప్పుని ఒకరు కొంగున కట్టి దాచుకునేంత ప్రేమ ఉండాలి, విప్పి చెప్పుకునేంత ధైర్యమూ ఉండాలి. మీ వంటింట్లో ప్రతి బాన కిందా దాని కుదురు దానికి ఉండాలి, ఆ బాన ఎప్పుడూ నిండి ఉండాలి.